వేర్వేరు జాతుల సరీసృపాలను ఒకే ఎన్‌క్లోజర్‌లో ఉంచాలనుకునేవారికి: చక్వాల్లా, డెజర్ట్ ఇగ్వానా జత ఆధారంగా ఒక మార్గదర్శి

బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి ఉన్న ఎన్‌క్లోజర్‌లోనే (పెంపుడు పెట్టెలోనే) లెపర్డ్ గెకో అనే మరో రకం బల్లిని వదలవచ్చా, ఎర్రచెవుల తాబేలు ఉన్న తొట్టిలో మరో రకం తాబేలును వేయవచ్చా అని అడిగేవారికి నేను మొదట చెప్పే సమాధానం వద్దనే. సరీసృపాలలో చాలావాటికి తోడు అవసరం లేదు. ఒంటరిగా ఉన్న బల్లికి మనం ఊహించే ఒంటరితనం బాధ ఉంటుందని అనుకోవడానికి ఆధారమూ లేదు. కాబట్టి రెండు జాతులను కలిపి ఉంచితే ఆ ఏర్పాటు వల్ల సంతోషపడేది ముఖ్యంగా చూసే మనిషే. ఆ సంతోషం కోసం జంతువు ఏ నష్టమూ భరించకుండా చూసే బాధ్యత కూడా ఆ మనిషిదే. దీన్ని ఒప్పుకున్న తరువాత కూడా కలిపి పెంచాలనే కోరిక నిలిచి ఉంటే, దాన్ని ఎంత జాగ్రత్తగా చేయాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. అన్ని జాతులకూ వర్తించే సూత్రాలు చెప్పడం కన్నా ఒక నిజమైన జతను మొదటి నుంచి చివరి వరకు వివరిస్తే ఎక్కువ ఉపయోగం. అందుకు అమెరికా నైరుతి ఎడారులకు చెందిన చక్వాల్లా, డెజర్ట్ ఇగ్వానా అనే రెండు రకాల బల్లులను ఎంచుకున్నాను. అరిజోనా, నెవాడా, దక్షిణ కాలిఫోర్నియా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారు కొండదారుల్లో నడిచేటప్పుడు ఈ రెండింటినీ చూసే ఉంటారు.

మొదట, కలపకూడని జతల గురించి. పోట్లాట జరిగితేనే ప్రమాదం అనుకోవడం ఈ విషయంలో సర్వసాధారణమైన పొరపాటు. నిజానికి కలిపి ఉంచిన బల్లులలో ఎక్కువ భాగం ఎప్పుడూ కరుచుకోవు. బలమైనది దీపం కింది రాతిపై కూర్చుంటుంది, బలహీనమైనది చల్లని మూలలో ఉండిపోతుంది. అది తిన్న ఆహారం అరగడానికి కావలసిన వేడి దొరకక, అతినీలలోహిత కాంతి అందక, నెలల తరబడి నెమ్మదిగా కృశిస్తుంది. ఒక బియర్డెడ్ డ్రాగన్ మరొకదానిపై ఎక్కి పడుకుంటే దాన్ని ఆప్యాయతగా భావించి ఫొటోలు తీసేవారున్నారు. అక్కడ జరుగుతున్నది వేడి కోసం, స్థానం కోసం సాగే పోటీ.

రెండో అడ్డంకి వాతావరణం. ఆస్ట్రేలియా లోతట్టు ఎడారి నుంచి వచ్చిన బియర్డెడ్ డ్రాగన్ పగటి బల్లి. దానికి ఎండ కాచుకునే చోట ఉపరితలం 40 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండాలి. లెపర్డ్ గెకో సంధ్యవేళల్లో తిరిగేది, దానికి 33 డిగ్రీలు చాలు. న్యూ కాలెడోనియా దీవికి చెందిన క్రెస్టెడ్ గెకో 28 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడుతుంది. ఈ ముగ్గురికీ ఒకే ఎన్‌క్లోజర్‌లో సగటు వాతావరణం ఏర్పాటు చేస్తే అది ఏ ఒక్కదానికీ సరిపోదు.

మూడోది, అన్నిటికన్నా తీవ్రమైనది, కంటికి కనిపించని రోగం. ఎంటమీబా ఇన్వేడెన్స్ అనే సూక్ష్మజీవి తాబేళ్ల పేగుల్లో చాలాసార్లు ఏ హానీ చేయకుండా ఉంటుంది. అదే జీవి పాములకూ బల్లులకూ సోకితే పేగు కుళ్లి ప్రాణం పోతుంది. బోవా జాతి పాములు రెప్టరీనా వైరస్‌ను పైకి ఏ లక్షణమూ లేకుండా చాలాకాలం మోయగలవు, దానివల్ల పైథాన్లు మాత్రం త్వరగా చనిపోతాయి. బల్లుల్లో క్రిప్టోస్పోరిడియం అనే పేగు పరాన్నజీవి సోకితే పూర్తిగా నయం చేసే నమ్మకమైన మందు ఇప్పటికీ లేదు, పైగా దాని బీజకోశాలు మామూలు బ్లీచ్‌కు లొంగవు. అంటే ఆరోగ్యంగా కనిపిస్తున్న రెండు జంతువులను కలిపినా, ఒకదానికి అలవాటైన క్రిమి రెండోదాన్ని చంపగలదు. తాబేలును పాముతో గాని బల్లితో గాని ఒకే చోట ఉంచవద్దని, బోవాను పైథాన్‌తో కలపవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉన్న పాఠకులకు ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. నక్షత్ర తాబేలు, ఉడుము వంటి మన దేశపు సరీసృపాలను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నీటి తొట్టిలో ఎర్రచెవుల తాబేళ్లతో పాటు చెరువు నుంచి తెచ్చిన తాబేలు పిల్లను వేయడం చాలామందికి చిన్న విషయంగా కనిపిస్తుంది. అది చట్టరీత్యా తప్పు, రోగాల దృష్ట్యా ఇంకా పెద్ద తప్పు. విదేశీ జాతుల విషయంలో కూడా 2022 నాటి చట్ట సవరణ, దాని వెంట 2024లో వచ్చిన నియమాల ప్రకారం, వన్యజీవుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటిస్ జాబితాల్లో ఉన్న జీవులను పెంచేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. అమెరికాలో రాష్ట్రానికో నియమం ఉంటుంది. స్థానిక జాతి అయితే రాష్ట్ర వన్యప్రాణి విభాగాన్ని అడిగి, రాతపూర్వకంగా సమాధానం తెచ్చుకున్న తరువాతే ముందుకు వెళ్లాలి. కొండల్లో కనిపించినదాన్ని పట్టి తెచ్చుకోవడం గురించి అసలు ఆలోచించకూడదు.

ఈ జతనే ఎందుకు?

చక్వాల్లా, డెజర్ట్ ఇగ్వానా రెండూ మోహావీ, సోనోరన్ ఎడారుల్లో పక్కపక్కనే బతుకుతాయి. రెండూ పగటి జీవులు, రెండూ ప్రధానంగా శాకాహారులు, వసంతంలో క్రియోసోట్ పొదల పసుపు పువ్వులను రెండూ ఇష్టంగా తింటాయి, చలికాలంలో రెండూ నెలల తరబడి నిద్రావస్థలోకి వెళ్తాయి. అయినా అవి నివసించే చోట్లు వేరు. చక్వాల్లా బండల గుట్టల జీవి. ప్రమాదం ఎదురైతే రాతి పగులులోకి దూరి, గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించి, ఎవరూ లాగలేనట్టు బిగుసుకుపోతుంది. డెజర్ట్ ఇగ్వానా ఇసుక నేలల జీవి, పొదల మొదళ్లలో బొరియలు చేసుకుని ఉంటుంది. వాతావరణమూ ఆహారమూ ఒకటి కావడం, నివాసస్థానాలు వేరు కావడం అన్న ఈ రెండు లక్షణాలు కలిసినచోటే మిశ్రమ ఎన్‌క్లోజర్‌కు అవకాశం ఉంటుంది. ఏ జతను ఎంచుకున్నా ఈ రెండు ప్రశ్నలతోనే పరీక్షించాలి. ఒకటి మాత్రమే సరిపోయి రెండోది సరిపోకపోతే ఆ ఆలోచనను అక్కడే విడిచిపెట్టడం మంచిది.

ఈ జతలోనూ లోపాలున్నాయి. డెజర్ట్ ఇగ్వానా పొడవులో చక్వాల్లాకు దగ్గరగా వచ్చినా ఆ పొడవులో సగానికి పైగా తోకే. బరువులో పెద్ద చక్వాల్లా దానికి మూడు రెట్లకు మించి ఉంటుంది. రెండు జాతుల మగవీ తమ హద్దుల కోసం పోరాడతాయి. అందువల్ల మొదటిసారి ప్రయత్నించేవారు ఒక చక్వాల్లాకు, ఒక డెజర్ట్ ఇగ్వానాకు పరిమితం కావాలి. ఎంత పెద్ద ఎన్‌క్లోజర్ అయినా ఒకే జాతికి చెందిన రెండు మగవాటిని అందులో ఉంచకూడదు. డెజర్ట్ ఇగ్వానాకు మలాన్ని తినే అలవాటు కూడా ఉంది. ప్రకృతిలో అది పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను సంపాదించుకునే మార్గం కావచ్చు గాని, ఎన్‌క్లోజర్‌లో మాత్రం ఒకదాని క్రిములు మరొకదానికి చేరే తిన్నని దారి అవుతుంది. దీన్నిబట్టే, కింద చెప్పబోయే మల పరీక్షలను మిగతా జతల కన్నా ఈ జతకు మరింత కచ్చితంగా చేయించాలి.

ముందుగా ఖాళీ ఎన్‌క్లోజర్లు

మిశ్రమ ఎన్‌క్లోజర్ కట్టడానికి ముందు ప్రతి జంతువుకూ విడిగా, దీపాలతో సహా, పూర్తిగా సిద్ధమైన ఒక ఎన్‌క్లోజర్ ఉండాలి. పెద్ద చక్వాల్లాకు 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న పెట్టె కనీస అవసరం. డెజర్ట్ ఇగ్వానాకూ అంతే ఇవ్వాలి. ఈ రెండు పెట్టెలకు చోటు గాని డబ్బు గాని లేనివారు మిశ్రమ ఎన్‌క్లోజర్‌ను మొదలుపెట్టకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం. విడదీయాల్సిన రోజు తప్పక వస్తుందని కాదు. వచ్చినప్పుడు అది సాయంత్రం ఏడు గంటలకు, దుకాణాలు మూసే వేళకు, ఒక జంతువు గాయపడిన స్థితిలో వస్తుంది. ఆ క్షణంలో చోటు లేకపోతే, ఈ రాత్రికి సర్దుకుంటుందిలే అని మనకు మనమే చెప్పుకుంటాం.

ఈ విడి పెట్టెలు మొదట క్వారంటైన్‌కు పనికి వస్తాయి. ప్రతి జంతువునూ కనీసం 90 రోజులు, వీలైతే వేరే గదిలో, వేరే పాత్రలతో, వేరే పటకారుతో ఉంచాలి. రోజూ ముందుగా పాత జంతువుకు, తరువాత కొత్తదానికి సేవ చేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ కాలంలో కొన్ని వారాల తేడాతో మూడుసార్లు తాజా మలాన్ని సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గర పరీక్ష చేయించాలి, క్రిప్టోస్పోరిడియం కోసం పీసీఆర్ పరీక్ష విడిగా అడగాలి. అమెరికాలో అటువంటి వైద్యులను వెతకడానికి ఏఆర్‌ఏవీ అనే సరీసృప వైద్యుల సంఘం జాబితా ఉపయోగపడుతుంది. అమ్మకానికి వచ్చే డెజర్ట్ ఇగ్వానాల్లో ఎడారి నుంచి పట్టి తెచ్చినవి ఎక్కువగా ఉంటాయి కాబట్టి వాటి మలంలో పరాన్నజీవులు కనిపించడం అరుదేమీ కాదు. శాకాహార బల్లుల పేగుల్లో కొద్దిపాటి సూది పురుగులు ఉండడం సహజమే. వాటి సంఖ్యను బట్టి మందు వేయాలో వద్దో వైద్యుడే నిర్ణయించాలి. సాధ్యమైతే బందీగా పుట్టి పెరిగిన వాటినే కొనండి, ధర ఎక్కువైనా, నెలల తరబడి ఎదురు చూడాల్సి వచ్చినా సరే.

ఎన్‌క్లోజర్ నిర్మాణం

ఒక్కొక్కదానికి కావలసిన చోటును కూడితే వచ్చే కొలత మిశ్రమ ఎన్‌క్లోజర్‌కు చాలదు. ఒకటి మరొకటి కంటపడకుండా రోజంతా గడపగలిగేంత చోటు ఉండాలి. ఈ జతకు 240 సెంటీమీటర్ల పొడవు, 120 సెంటీమీటర్ల వెడల్పు, 120 సెంటీమీటర్ల ఎత్తు అడుగుతాను. ఎడమ సగాన్ని రాతి గుట్టగా, కుడి సగాన్ని ఇసుక నేలగా రూపొందించాలి.

రాళ్లు పేర్చడంలో ఒక నియమాన్ని ఎప్పుడూ మీరకూడదు. రాళ్లను ఎన్‌క్లోజర్ అడుగు పలకపైనే నేరుగా నిలిపి, అవి కదలకుండా బిగించిన తరువాతే చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద పెట్టిన బండ కిందికి ఇగ్వానా తవ్వుకుంటూ వెళితే ఆ బండ దాని మీదే కూలుతుంది. పెద్ద బండలను టైల్స్ అంటించే సిమెంటుతో ఒకదానికొకటి అతికించి, పూర్తిగా ఆరనిచ్చి, చేత్తో గట్టిగా తోసి చూడాలి. చక్వాల్లా దూరే పగుళ్లకు రెండు వైపులా దారి ఉండేటట్టు చూడాలి. ఒకే దారి ఉన్న పగులులో చిన్న జంతువు చిక్కితే బయట నిలిచిన పెద్దది దాన్ని గంటల తరబడి అక్కడే ఆపేయగలదు.

కుడివైపు ఇసుకలో కొంత బంకమట్టి కలిపి, 25 సెంటీమీటర్ల లోతు పోసి, అడుగు పొర మాత్రం కాస్త చెమ్మగా ఉంచాలి. పొడి ఇసుకలో బొరియ నిలవదు. ఇక్కడ బరువు లెక్క వేసుకోవడం మరవకూడదు. 120 సెంటీమీటర్ల చదరంలో 25 సెంటీమీటర్ల లోతు అంటే 360 లీటర్ల ఇసుక, సుమారు 550 కిలోలు. దానికి రాళ్లు కూడితే ఇంకా పెరుగుతుంది. పై అంతస్తు అపార్ట్‌మెంట్‌లో చెక్క నేల మీద దీన్ని పెట్టే ముందు భవన నిర్వహణ వారిని అడగండి. వీలైతే కాంక్రీటు నేల ఉన్న కింది గదినే ఎంచుకోండి.

ఎండ కాచుకునే చోట్లు జంతువుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువగా, అంటే మూడు ఉండాలి. రెండు రాతి గుట్టపై వేర్వేరు ఎత్తుల్లో, ఒకదాని నుంచి మరొకటి కనిపించకుండా ఏర్పాటు చేసి, మూడోదాన్ని ఇసుక అంచున ఒక చదునైన రాతిపై పెట్టాలి. దీపం కింది రాతి ఉపరితలం 46 నుంచి 50 డిగ్రీల మధ్య ఉండేటట్టు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచి సరిచేయాలి. బియర్డెడ్ డ్రాగన్‌కు అలవాటైనవారికి ఈ అంకె భయం కలిగించవచ్చు. డెజర్ట్ ఇగ్వానా తన శరీరాన్నే 40 నుంచి 42 డిగ్రీల వద్ద ఉంచుకోవడానికి ఇష్టపడే జీవి, వేడిని కోరే బల్లుల్లో దానిది ముందువరుస. అయితే కుడి చివర 27, 28 డిగ్రీలకు మించకూడదు. చల్లబడే దారి లేని ఎన్‌క్లోజర్‌లో ఈ ఎడారి జీవులు కూడా వడదెబ్బతో చనిపోతాయి. రాత్రి 20 డిగ్రీలకు దిగినా ఇబ్బంది లేదు. యూవీబీ (జంతువులకు అవసరమైన అతినీలలోహిత కాంతి) కోసం శక్తిమంతమైన టీ5 గొట్టపు దీపాలను ఎన్‌క్లోజర్ లోపలే, జంతువులకు అందనంత ఎత్తున, వేడి దీపాల పక్కనే అమర్చాలి. జాలీ పైనుంచి వేస్తే కాంతిలో మూడో వంతు లేదా అంతకన్నా ఎక్కువ నష్టపోతాం. రెండు జాతులూ నడినెత్తిన ఎండలో తిరిగేవే కాబట్టి, రాతిపై కూర్చున్న జంతువు వీపు ఎత్తున యూవీ సూచిక 5 నుంచి 6 వరకు ఉండాలి. దీన్ని మీటరుతో కొలవాలి, దీపం డబ్బాపై రాసిన అంకెను నమ్ముకోకూడదు.

ఆహారం

ఆహారం విషయంలో ఈ జత మన పని తేలిక చేస్తుంది, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆవాకు, మునగాకు, ఎండివ్, డాండిలియన్ ఆకులు, మందార పువ్వులు, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు రెండింటికీ సరిపోతాయి. పాలకూరలో, కాల్షియం ఒంటికి పట్టనివ్వని ఆగ్జలేట్లు ఎక్కువ గనుక అరుదుగానే వాడాలి. రాతివైపు ఒకటి, ఇసుకవైపు ఒకటి, మధ్యలో మరొకటి చొప్పున మూడు పళ్లేలు ఒకేసారి పెట్టాలి. ఆహారం పెట్టేది దీపాలు వెలిగిన గంట తరువాత, రెండూ ఒళ్లు వెచ్చబడ్డాకే. రెండు జాతులూ ఒంట్లోని అదనపు ఉప్పును ముక్కు గ్రంథుల ద్వారా బయటకు చిమ్ముతాయి. ముక్కు చుట్టూ గాని గాజుపై గాని కనిపించే తెల్లని పొరను జలుబుగా భ్రమపడి కంగారు పడనవసరం లేదు.

కలిపే రోజు, ఆ తరువాత

కొత్తగా కట్టిన ఎన్‌క్లోజర్‌ను జంతువులు లేకుండా రెండు వారాలు నడిపి, ఉష్ణోగ్రతలు నిలకడగా ఉన్నాయో లేదో చూడాలి. ఏ జంతువూ అది తన హద్దు అనుకోకముందే రెండింటినీ ఒకే ఉదయం వదలడం మేలు. చక్వాల్లా అప్పటికే అందులో ఉంటున్నదైతే దాన్ని విడి పెట్టెకు మార్చి, విడిగా ఉన్న చిన్న రాళ్ల, కొమ్మల అమరిక మార్చి, ఇగ్వానాను రెండు వారాలు ఒంటరిగా తిరగనిచ్చి, అది బొరియ చేసుకున్నాక చక్వాల్లాను తిరిగి తేవాలి. ఆ రోజు మీరు ఇంట్లోనే ఉండాలి. మొదటి వారంలో రోజుకు కొన్నిసార్లు, దూరంగా కూర్చుని, వేడి ఎక్కువగా ఉండే మధ్యాహ్నపు గంటల్లో గమనించాలి.

చక్వాల్లా తల ఆడించడం, ముందుకాళ్లపై లేచి దిగడం హద్దు చాటుకునే సంజ్ఞలు. కొద్దిసేపు చేసి ఆపేస్తే ఫరవాలేదు. నోరు తెరిచి వెంటపడినా, తోకతో కొట్టినా ఆ సాయంత్రమే విడదీయాలి. ఇంతకన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇగ్వానా రంగు. చల్లగా ఉన్నప్పుడు నల్లబడి, ఒళ్లు వేడెక్కిన కొద్దీ లేత రంగుకు మారడం దాని లక్షణం. మధ్యాహ్నం పన్నెండు గంటలకు కూడా అది ముదురు రంగులోనే ఉంటే, లేదా దీపాలు తగ్గాకే బొరియ నుంచి బయటికి వస్తుంటే, దానికి ఎండ కాచుకునే అవకాశం దక్కడం లేదని అర్థం. గాయం లేదు కదా అని అప్పుడు ఊరుకోకూడదు. వారానికోసారి రెండింటినీ వంటింటి డిజిటల్ కాటాపై తూచి, తేదీతో సహా రాసుకోవాలి. నిద్రాకాలం కాని రోజుల్లో ఒక నెలలో బరువు పదో వంతు తగ్గితే విడదీసి వైద్యుడికి చూపించాలి. డెబ్బై గ్రాముల జంతువుకు పదో వంతు అంటే ఏడు గ్రాములే, కంటిచూపుతో అది ఎప్పటికీ తెలియదు.

నవంబరు నుంచి దీపాల సమయం, వేడి క్రమంగా తగ్గిస్తే రెండూ నిద్రకు సిద్ధమవుతాయి. తగ్గించడానికి కొన్ని వారాల ముందే ఆహారం ఆపి, పేగు ఖాళీ కానివ్వాలి. నిద్రాకాలంలో వాటిని విడి పెట్టెల్లోనే ఉంచమని నా సలహా. ఒకటి ముందుగా మేల్కొని, ఇంకా చల్లగా కదల్లేని స్థితిలో ఉన్న రెండోదాన్ని ఇబ్బంది పెట్టే అవకాశం ఉంటుంది. వసంతంలో మగవాటికి దూకుడు పెరుగుతుంది కాబట్టి, మేల్కొన్న తరువాత మళ్లీ కలిపేటప్పుడు మొదటి రోజు పాటించిన జాగ్రత్తలన్నీ తిరిగి పాటించాలి. పోయిన సంవత్సరం సఖ్యంగా ఉన్నాయన్నది ఈ సంవత్సరానికి హామీ కాదు. ఆడది గర్భంతో ఉన్నట్టు కనిపిస్తే, గుడ్లు పెట్టడం పూర్తై బరువు కోలుకునే దాకా దాన్ని లోతైన ఇసుకతో విడిగా ఉంచాలి. సరీసృపాలన్నీ సాల్మొనెల్లాను మోయగలవు. అందువల్ల ఐదేళ్ల లోపు పిల్లలను ఎన్‌క్లోజర్ శుభ్రం చేసే పనికి దూరంగా ఉంచి, పాత్రలను వంటింటి సింకులో ఎప్పుడూ కడగకుండా చూసుకోవాలి. కాటాను కూడా వంటకు వాడకుండా ఈ పనికే కేటాయించాలి.

పోట్లాట వల్ల ఒకసారి విడదీసిన జంతువులను మళ్లీ కలపకండి. రెండింటిలో ఒకటి చనిపోతే, దాన్ని వెంటనే పాతిపెట్టకుండా సంచిలో కట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆహారం పెట్టుకోని ఫ్రిజ్ అయితే మంచిది. గడ్డకట్టిస్తే కణజాలం పాడై పరీక్షకు పనికిరాదు కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఒకటి రెండు రోజుల్లోగా పశువైద్యుడికి అప్పగించి శవపరీక్ష చేయించాలి. ఫలితం వచ్చేవరకు బతికి ఉన్నదాన్ని మళ్లీ క్వారంటైన్ పెట్టెలోనే, అడుగున కాగితపు తువ్వాలు పరిచి ఉంచాలి. దాని మలాన్ని అదే వైద్యుడికి పంపాలి. మరణానికి కారణం తేలేదాకా ఆ పెద్ద ఎన్‌క్లోజర్‌లోకి దేన్నీ వదలకూడదు. కారణం క్రిప్టోస్పోరిడియం అని తేలితే అందులోని ఇసుకను, కొమ్మలను, అతికించిన రాళ్లను పూర్తిగా తీసి పారవేయాలి.